ఖాళీ వదలని కాయితం

ఆ రోజుల్లో మా ఇంట్లో తెల్ల కాయితానికి బియ్యంతో సమానమైన మర్యాద ఉండేది. చాటలోంచి గింజ జారితే అమ్మ ఎలా చూసేదో, కాయితం మీద వేలెడు జాగా వదిలేసినా అలాగే చూసేది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రాయాలి, తర్వాత వెనక వైపు రాయాలి, అదీ అయిపోతే రాసిన అక్షరాల మీదే అడ్డంగా రాయాలి (అబద్ధం కాదు, మా నాయనకు వచ్చిన ఉత్తరాల మీద నేను ఎక్కాలు రాసుకున్నాను). ఐదో తరగతితో నా చదువు ఆగింది గానీ ఆ పొదుపు ఆగలేదు. ఇప్పటికీ క్యాలెండరులో నెల తిరగ్గానే ఆ కాయితం చింపి నాలుగు ముక్కలు చేసి దాచుకుంటాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. సరుకుల చీటీ రాయాల్సి వచ్చినప్పుడు ఆ నవ్వినవాళ్లే నా దగ్గరికి వచ్చి ముక్క అడుగుతారు. అయితే ఈ పొదుపు పేరుతో ఒక మనిషికి నేను అన్యాయం చేశాను. అది అన్యాయమని తెలిసింది మాత్రం మొన్న ఎండాకాలంలో, డెబ్బై దాటాక, ఒక కంప్యూటరు చెబితే.

ఆ మనిషి మా నాయన తమ్ముడు, మా చిన్నాయన. కావలిలో సైకిలు షాపులో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. ఆయనకో గిటారు ఉండేది. గుండెకు ఆనించుకుని వాయించే రకం కాదు. వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ చేత్తో ఇనప కడ్డీని తీగల మీద జరుపుతూ కుడిచేత్తో మీటే రకం. ఆరు తీగలు. కడ్డీ జరుగుతుంటే అది ఏడ్చినట్టూ ఉంటుంది, ఎవరినో పిలిచినట్టూ ఉంటుంది. ఒకసారి మద్రాసు పోయినప్పుడు అలాంటి గిటారుకే కాళ్లూ, కాళ్ల దగ్గర తొక్కుడు పలకలూ ఉన్న బొమ్మ ఒకటి చూశాడట. పలక తొక్కితే తీగ బిగిసి స్వరం పైకి పోతుందని తెలిసింది. అంతే, ఇక ఆ మనిషికి అన్నం సయించలేదు. చిన్నమ్మ కుట్టు మిషను చెడిపోయి మూలన పడుంటే దాని ఇనప స్టాండు లాక్కొచ్చి, కింద కాలిపలకను రెండుగా కోసి, సైకిలు బ్రేకు వైర్లు తగిలించి, పైన గిటారు బిగించాడు. ఎడమ పలక తొక్కితే రెండో తీగ, కుడి పలక తొక్కితే మూడో తీగ బిగిసేవి. (రెండూ ఒకేసారి గట్టిగా తొక్కితే స్టాండు మొత్తం ముందుకు నడిచేది. ఆ సంగతి తెలుసు కాబట్టి ఆదివారాలు ఆయన వాయించే మందిరంలో, అంటే మా చర్చిలో, దాని ఎదురుగా పిల్లల్ని కూర్చోనిచ్చేవాళ్లు కాదు.) "నాకు రవికలు కుట్టమంటే కుట్టలా, ఇప్పుడు ఊరికంతా పాటలు పాడతా ఉండాది" అని చిన్నమ్మ ఆ స్టాండును చూసినప్పుడల్లా తిట్టేది.

చిన్నాయన వాయిస్తే బాగుండేది గానీ, ఈ వారం వాయించినట్టు పైవారం వాయించడు. మధ్యలో సొంతం కలుపుతాడు. అందుకని మా అయ్యగారు, అంటే మందిరం పాస్టరుగారు, పాటలన్నీ కాయితం మీద పెట్టమన్నారు. అలా నాకు ఆ పని వచ్చింది. ఆరు గీతలు గీయాలి, అవి ఆరు తీగలు. గీత మీద అంకె వేస్తే కడ్డీ ఏ మెట్టు మీద ఉండాలో చెప్పినట్టు. అంకె పక్కన 'ఎ' అంటే ఎడమ పలక, 'కు' అంటే కుడి పలక. మూడో గీత మీద '5కు' అని ఉంటే మూడో తీగ, ఐదో మెట్టు, కుడి కాలు. అంతకంటే ఏమీ తెలియక్కర్లేదు. మొదట ఆయనే రాసి చూపించాడు. ఒక్క కీర్తనకు రెండు పేజీలు తిన్నాడు. అంకెకూ అంకెకూ మధ్య ఎడ్లబండి తోలుకుపోయేంత జాగా. "ఇంత ఖాళీ ఎందుకు పోగొట్టినావు చిన్నాయనా?" అని అడిగాను. "పాటకి గాలి ఆడాల గదమ్మా" అన్నాడు. దుబారా మనిషి ఏదో ఒక సాకు చెబుతాడని నేననుకున్నాను. అదే కీర్తనను నేను పావు పేజీలో సర్ది చూపించాను. అంకెలు ముత్యాల్లా ఉండేవి, ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ. ఆయన చూసి, నవ్వి, దానితోనే వాయించేశాడు. ఆ పాటలన్నీ ఆయనకు ముందే వచ్చు, నా అంకెలు ఊరికే గుర్తు చేయడానికే పనికొచ్చేవి. ఈ సంగతి ఆయనకు తెలుసు. నాకు తెలియదు.

ఆ ఏడు కోతల పండుగకు నెల్లూరు నుంచి పెద్దయ్యగారు, అంటే మా అయ్యగారికి పైవారు, వస్తారన్నారు. కోతల పండుగంటే మా మందిరంలో తొలిపంట కానుకలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టే రోజు. తలుపు దగ్గర వరసగా నిలబడి, పాట సాగుతుంటే దానికి తగ్గట్టు మెల్లగా అడుగులు వేసుకుంటూ పోవాలి. పాట ఆగిందంటే ప్రార్థన మొదలైనట్టే, ఎక్కడివాళ్లు అక్కడ కళ్లు మూసుకుని కదలకుండా నిలబడాలి. పెద్దయ్యగారు వస్తున్నారని ఆ ఏడు కొత్త పాట అనుకున్నారు. మా అయ్యగారు మా అమ్మతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ఈ పిల్ల రాసిన పాట ఆదివారం సరిగ్గా పలికితే పెద్దయ్యగారికి చూపిస్తా. నెల్లూరులో హాస్టలు బడి ఉండాది. ఐదుతో ఆపేసిన పిల్ల ఇట్టా రాసిందంటే వాళ్లే తీసుకుపోతారు." ఆ వారమంతా నేను నేల మీద నడిచిన గుర్తు లేదు.

పాట నేర్పే మాస్టారు మంగళవారం వచ్చి, పాడే ఆడపిల్లలకు నేర్పించి, సాయంత్రం బండికి పోయాడు. చిన్నాయన కావలిలో ఉన్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి పాట మొత్తం చెవిలో వేసుకుని ఇంటికి పరిగెత్తి, ఎవరూ లేనప్పుడు స్టాండు ముందు కూర్చుని, కడ్డీ జరుపుతూ ఒక్కొక్క స్వరమూ వెతుక్కున్నాను. కాలు పలకకు అందక పీట మీద నుంచి రెండుసార్లు జారి పడ్డాను. మోకాలు దోక్కుపోయింది గానీ మూడు రోజుల్లో పల్లవీ నాలుగు చరణాలూ పట్టేశాను. మొత్తం ఒక్క కాయితం. ఒక్క వైపు. మాస్టారు వదిలిపోయిన పుస్తకంలో ఆ పాట నాలుగు పేజీలు పట్టిందని విని, చదువుకున్నవాళ్లకు కాయితం విలువ తెలియదని జాలిపడ్డాను.

శనివారం చిన్నాయనకు బస్సు దొరకలేదు. ఆదివారం పొద్దున, మందిరం గంట కొట్టడానికి కాస్త ముందు వచ్చాడు. ముఖం కడుక్కుంటూనే కాయితం చేతిలోకి తీసుకున్నాడు. "ఒక్కసారి పాడి వినిపీమ్మా" అన్నాడు. నాకు పూలు కట్టే పని ఉంది, పైగా రోషం. "కాయితం ఉండగా పాట ఎందుకు? నేను రాసిందే వాయించు చిన్నాయనా. నీ సొంతం కలపబాక" అన్నాను. "అట్టనే తల్లీ" అన్నాడు. తర్వాత కాయితం మీద వేలు పెట్టి ఇంకేదో అడిగాడు. నేనూ ఏదో అన్నాను. అదేమిటో ఆ పూటే మర్చిపోయాను.

మందిరం నిండిపోయింది. తలుపు దగ్గర వరసలో ముందు దగ్గుల పెద్ద (మా సంఘపెద్ద, దగ్గకుండా ఒక వాక్యం ముగించి ఎరుగడు), తలమీద వరి కంకుల కట్ట. ఆయన వెనక గుమ్మడికాయలు, అరటిగెలలు, చేపల బుట్టలు, చంకలో కోళ్లు. అయ్యగారు చెయ్యి ఎత్తారు. చిన్నాయన మొదలుపెట్టాడు. మొదలుపెట్టడం కాదు, బయల్దేరాడు. అంకె వెంట అంకె, ఊపిరి తీసుకోకుండా. పాడే పిల్లలు పల్లవి సగం దాకా వెంటపడి పరిగెత్తారు. ఒకతి మొదటి చరణం దగ్గర వెనకపడిపోయింది, ఇంకొకతి రెండో చరణంలో నోరు మూసేసింది, ఆ తర్వాత ఒక్కరి గొంతూ లేదు. గిటారు మాత్రం పోతూనే ఉంది. పాటకు తగ్గట్టు నడవాలన్నది ఆచారం కదా, కానుకల వరస ఏం చేస్తుంది? దగ్గుల పెద్ద కంకుల కట్టతో ఉరకడం మొదలుపెట్టాడు. వెనక ముసలమ్మలు గుమ్మడికాయలు రెండు చేతులతో పట్టుకుని "ఏందబ్బా ఈ తరుముడు!" అంటూ ఆయన వెంట. ఆ తొందరలో చిన్నాయన రెండు పలకలూ ఒకేసారి తొక్కినట్టున్నాడు, స్టాండు కూడా కదిలింది. అది ఒక్కో అడుగే జరుగుతుంటే ఆయన పీటతో సహా దాని వెంట జరుగుతూ వాయించాడు. కాయితం మీద నుంచి కన్ను తీయలేదు. నాలుగో చరణం ఆఖరి అంకె మోగేసరికి వరస మందిరం నడిమధ్యలో ఉంది.

పెద్దయ్యగారికి ఆ పాట తెలియదు. వాయిద్యం ఆగింది కాబట్టి పాట అయిపోయిందనుకుని లేచి, "కన్నులు మూసుకుందాము" అన్నారు. అంతే, ఎక్కడివాళ్లు అక్కడ. తలమీద మోపు తలమీదే, చంకలో కోడి చంకలోనే. ఆయన ప్రార్థన నెల్లూరులో మొదలై, జిల్లా దాటి, దేశం దాటి, సముద్రాల అవతలికి పోయింది. మధ్యలో ఒక కోడి విడిపించుకుని గిటారు మీద దిగింది. దాని కాళ్ల కింద తీగలు ఒకటొకటిగా మోగాయి, ఎంత నిదానంగా అంటే, ఆ రోజు తాళం తెలిసిన ప్రాణి అదొక్కటే అనిపించింది. దగ్గుల పెద్ద దగ్గు ఆపుకోలేక కట్ట వదిలేశాడు. ఎవరి గుమ్మడికాయో జారి, దొర్లుకుంటూ పోయి, ఆమేన్ కంటే ముందే పెద్దయ్యగారి కాళ్ల దగ్గరికి చేరింది.

మధ్యాహ్నం అయ్యగారి ఇంటి వరండాలో విచారణ. పెద్దయ్యగారు కుర్చీలో, చేతిలో నా కాయితం. తిప్పి తిప్పి చూశారు గానీ ఆ రాత చదవగలిగింది ఊళ్లో ఇద్దరమే, నేనూ చిన్నాయనా. "రాసింది తప్పా, వాయించింది తప్పా?" అన్నారు. బడి, హాస్టలు, నెల్లూరు, అన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి. "నేను ఒక్క అంకె కూడా తప్పు రాయలేదయ్యా" అన్నాను. అది నిజం. ఈ రోజుకీ నిజమే. ఆయన కాయితం చిన్నాయనకు ఇచ్చారు. చిన్నాయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కాయితం మడిచి జేబులో పెట్టుకుని, "పాప రాసింది సరిగ్గానే ఉండాదయ్యా. నేనే తొందరపడినాను" అన్నాడు.

నన్ను హాస్టలుకు తీసుకుపోయారు. చిన్నాయనను మందిరం సంగీతం నుంచి తీసేశారు. దీనిలో నాకు తప్పేమీ కనిపించలేదు. తప్పు ఒప్పుకున్నవాడికి శిక్ష పడుతుంది, సరిగ్గా రాసినదానికి బడి దొరుకుతుంది. (ఆ బడి కూడా నాకు మూడు నెలలే. అమ్మకు జబ్బు చేసిందని ఉత్తరం వస్తే ఇంటికి వచ్చాను, మళ్లీ పోలేదు. ఆరో తరగతి పుస్తకాలకు వేసిన అట్టలు నలగను కూడా లేదు.) ఆయన గిటారు విప్పి ఎవరికో ఇచ్చేశాడు. స్టాండు మీదకు మళ్లీ మిషను ఎక్కింది. ఎక్కడా ఆగకుండా పోయే మెయిలు రైలు మాదిరి వాయించాడని ఊళ్లో ఆయనకు 'మెయిలు చిన్నాయన' అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనే. నా చదువు పోయిన కోపం ఎవరి మీదో ఒకరి మీద తీర్చుకోవాలి కదా. నా పెళ్లిలో ఆయన పందిట్లోకి వస్తుంటే, "మెయిలు వచ్చినాది, తప్పుకోండి!" అని పెళ్లికూతురి పీట మీద నుంచి నేనే అరిచాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. పోయేదాకా ఆ పేరుకు పలికాడు.

పోయినేడు చిన్నమ్మ కూడా పోయాక ఆ ఇల్లు విప్పేశారు. పంపకాల్లో నాకు ఆ మిషను స్టాండు వచ్చింది. ఇనుము గట్టిది, పారేయబుద్ధి కాక తెచ్చుకున్నాను. దాని సొరుగు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మొన్న ఎండాకాలం సెలవులకు మా మనవరాలు వచ్చి, దాంట్లో నూనె పోసి, సుత్తితో కొట్టి తెరిచింది. అది నెల్లూరులో ఒక బడిలో సంగీతం చెబుతుంది. సొరుగులో రెండు బాబిన్లు, ఒక గుండీ, నాలుగు మడతల కాయితం. ఆ కాయితం చూడగానే దాని కళ్లు ఇంతయ్యాయి. "అవ్వా, ఇది ట్యాబే! పెడల్ స్టీల్ ట్యాబు! ఎవరు రాసినారు?" (కాలిపలకల గిటారుకు తీగల గీతల మీద అంకెలేసి రాసే పద్ధతిని వాళ్లు అలా అంటారట.) నేనే రాశానని చెబితే, నేను బాంబు చేశానని చెప్పినట్టు చూసింది. కథంతా చెప్పాను, మెయిలు పేరుతో సహా. అది వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి, "సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తా అవ్వా. అచ్చు పుస్తకంలో ఉన్నట్టు వస్తాది. మీట నొక్కితే అదే వాయిస్తాది కూడా" అంది.

రెండు రోజులు కూర్చున్నాం. నేను అంకెలు చదవడం, అది కొట్టడం. ఆ సాఫ్ట్‌వేర్‌కు గీతలు తెలుసు, అంకెలు తెలుసు, కాలిపలక సంగతి మాత్రం తెలియదు. స్వరం వేరేగా చెప్పి, 'ఎ', 'కు' అక్షరాలు విడిగా పైన పెట్టాల్సి వచ్చింది. అది పెట్టిన అక్షరాలు చూస్తే ఒక్కటీ దాని అంకె దగ్గర లేదు. "ఈ 'కు' ఎవరిదే? అయిదుదా, ఏడుదా? వాయించేవాడు రెండు చోట్ల చూస్తాడా? అంకెకే అంటించు" అని కసిరాను. "నువ్వు మా ప్రిన్సిపాల్ కంటే ఘోరం అవ్వా" అంటూనే అన్నీ మళ్లీ జరిపింది. నిజం చెప్పొద్దూ, తెర మీద నా అంకెలు అంత నున్నగా నిలబడుతుంటే ఛాతీ పొంగింది.

"ఏ అంకె ఎంతసేపు మోగాలో నువ్వు రాయలేదు. నేను అన్నిటికీ ఒకే కొలత పెట్టినా. నువ్వు రాసింది రాసినట్టే" అని మీట నొక్కింది. కంప్యూటరు బయల్దేరింది. అంకె వెంట అంకె, ఊపిరి తీసుకోకుండా. మనవరాలు పగలబడి నవ్వింది, "ఏందవ్వా ఇది, బిట్రగుంట స్టేషన్లో ఆగని రైలుబండి మాదిరి!" అని. నేను నవ్వలేదు. అదే వాయింపు. ఆ రోజు మందిరంలో విన్నది, ఒక్క మీటు తేడా లేకుండా. యంత్రానికి తొందర ఉండదు, భయం ఉండదు, సొంతం కలిపే అలవాటు ఉండదు. ఉన్నది ఉన్నట్టు వాయించింది. చిన్నాయనా అంతే చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆ పొద్దున ఆయన వేలు పెట్టి అడిగిన మాట. "ఈడ ఆగాల్నా అమ్మా?" నేనన్న మాట కూడా గుర్తొచ్చింది. "ఆగమని రాసి ఉండాదా? ల్యా గదా. ఆగబాక, పోతానే ఉండు."

నేను లేచి వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు సర్దాను. కాసేపటికి మనవరాలు పిలిచింది. "అవ్వా, అంకెల మధ్యలో ఈ పెన్సిలు గీతలేంది? మరకలనుకున్నా. ఒక్కోచోట ఒకటి, ఒక్కోచోట మూడు." కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. నేను జాగా వదల్లేదు కాబట్టి అంకెల సందుల్లో ఇరికించి, చీమ కాళ్లంత సన్నగా గీసిన గీతలు. సైకిలు షాపులో పంక్చరు గుర్తు పెట్టుకునే గీతలు అలాగే ఉండేవి. "అవి ఆగే చోట్లు" అన్నాను. గీతకొక కొలత చొప్పున ఖాళీ పెట్టమన్నాను. అది పెట్టి, మళ్లీ మీట నొక్కింది. ఈసారి ఆ మాస్టారు మంగళవారం నేర్పిన పాట వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి నేను విన్న పాట. గుమ్మడికాయ తలమీద పెట్టుకున్న ముసలమ్మ కూడా హాయిగా నడవగలిగిన పాట. అంటే ఆ తర్వాత ఎప్పుడో, వాయించడానికి గిటారు కూడా లేనప్పుడు, ఆయన కూర్చుని ఆ కాయితాన్ని దిద్దాడు. దిద్ది, ఎవరికీ చూపించకుండా సొరుగులో పెట్టి, మెయిలు అంటే పలుకుతూ బతికాడు. చూపించి ఉంటే నేను ఒప్పుకునేదాన్నా? ఒప్పుకునేదాన్ని కాదు. నా సంగతి ఆయనకు తెలుసు.

"ఇప్పుడు మూడు పేజీలైంది. దగ్గరగా నెడితే ఒక్క పేజీలో పడతాది. నీకు ఖాళీ నచ్చదు గదా?" అంది మనవరాలు. "నెట్టబాక" అన్నాను. అది నా నుదురు పట్టి చూసింది, జ్వరం వచ్చిందేమోనని. "పైన నీ పేరు వేస్తా అవ్వా, రాసింది నువ్వే గదా?" "ఇద్దరివీ వెయ్యి. అంకెలు రాసింది నేను. ఖాళీలు రాసింది మా చిన్నాయన." "ఖాళీలు రాసేదేందవ్వా?" "నిన్ను పిల్లలకి పాటలు చెప్పమని బడిలో కూర్చోబెట్టినారు. అది కూడా తెలవదా?" అన్నాను. తిట్టాననే అనుకున్నాను గానీ తిట్టులా వినిపించలేదు.

నెల్లూరు పోయి అచ్చు తీసి పంపించింది. తప్పు పడ్డవీ, సరిగ్గా పడ్డవీ కలిపి ఒక దస్తా. అన్నీ ఒక్క వైపే అచ్చు, వెనకంతా తెలుపు. చదువుకున్నవాళ్లకు కాయితం విలువ ఇప్పటికీ తెలియదు. ఇదంతా ఆ కాయితాల వెనకే రాస్తున్నాను. మొదటి కాయితంలో వరసకూ వరసకూ మధ్య జాగా బాగానే వదిలాను, చిన్నాయన చూస్తే మెచ్చుకునేంత. చివరికి వచ్చేసరికి అక్షరాలు మళ్లీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చూసుకుంటే నవ్వొచ్చింది. మోకాలు దోక్కుపోయిన ఆ రోషం పిల్ల ఎక్కడికీ పోలేదు, ఇక్కడే కూర్చుని ముత్యాలు పేరుస్తోంది. ఈ కాయితం అడుగున ఇంకా రెండు వేళ్ల జాగా మిగిలింది. ఇంకో నాలుగు వరసలు పడతాయి. రాయను. అది చిన్నాయనది.